మూడక్షరాల ముద్ర – మూడు ప్రశ్నలు



మన హాస్టల్లో చదువుకున్న, చదువుకుంటున్న చాలామంది ఇళ్లలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన మొదటి మనిషి మనమే. అందుకని సెలవులకు ఇంటికి వెళితే ఒక పని మన కోసం సిద్ధంగా ఉంటుంది. కొత్త కుక్కరు, విత్తనాల బస్తా, నగల కొట్టు బిల్లు, మందుల షాపులో ఇచ్చిన డబ్బా ఏదైనా సరే, మన చేతిలో పెట్టి "దీని మీద ఏటి రాసుందో సూడు బాబూ" అంటారు. మన నోటి నుంచి వచ్చే ఒక్క మాట మీద ఇంట్లోవాళ్లు కూలి డబ్బులు తీసి ఇస్తారు. కాబట్టి ఆ మాట తెలిసి చెప్పాలి.

ఈ రోజుల్లో ఏ వస్తువు చూసినా దాని మీద నాలుగైదు పొట్టి పేర్లు ఉంటున్నాయి. ఐ.ఎస్.ఐ., ఐ.ఎస్.ఓ., ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., సి.ఇ., ఎఫ్.డి.ఎ., డబ్ల్యు.హెచ్.ఓ. – ఇలా అక్షరాలు ఎన్ని ఎక్కువగా ఉంటే వస్తువు అంత మంచిదన్న అభిప్రాయం జనంలో ఏర్పడింది. ఆ అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని అమ్మేవారూ ఉన్నారు. నిజానికి వీటిలో కొన్ని వస్తువును పరీక్షించామని చెబుతాయి, కొన్ని కంపెనీ గురించి మాత్రమే చెబుతాయి, మరికొన్ని ఏమీ చెప్పవు. ఈ తేడా తెలుసుకోవడానికి ప్రతి ముద్రనూ మూడు ప్రశ్నలు అడగాలని మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

మొదటి ప్రశ్న: ఈ అక్షరాలు ఏ సంస్థవి?
రెండో ప్రశ్న: ఆ సంస్థ దేన్ని చూసింది? వస్తువునా, కంపెనీ పద్ధతులనా, కేవలం కాగితాలనా?
మూడో ప్రశ్న: నంబరు ఏది? దాన్ని మనం సరిచూసుకోగలమా?

ఇక ఒక్కొక్క ముద్రనూ చూద్దాం.

1. ఐ.ఎస్.ఐ. – సంస్థ పేరు మారినా ముద్ర మారలేదు

1947 జనవరిలో, స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందు, ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థ ఏర్పడింది. దాని పేరులోని మొదటి అక్షరాలే ఐ.ఎస్.ఐ. 1986లో పార్లమెంటు కొత్త చట్టం చేయడంతో 1987 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బి.ఐ.ఎస్., వచ్చింది. ప్రస్తుతం ఇది 2016 నాటి చట్టం ప్రకారం పనిచేస్తోంది. పాత సంస్థ పోయినా ప్రజలకు అలవాటైన ముద్రను మాత్రం అలాగే ఉంచారు. కనుక ఐ.ఎస్.ఐ., బి.ఐ.ఎస్. అనేవి రెండు వేర్వేరు సంస్థలు కావు. ముద్ర ఐ.ఎస్.ఐ.ది, దాన్ని ఇచ్చేది బి.ఐ.ఎస్.

ఈ ముద్ర వస్తువుకు సంబంధించినది. బి.ఐ.ఎస్. వారు ఫ్యాక్టరీని తనిఖీ చేసి, వస్తువు నమూనాలను పరీక్ష చేయించి, ప్రమాణానికి సరిపోతేనే లైసెన్సు ఇస్తారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఫ్యాక్టరీ నుంచి, బజారు నుంచి నమూనాలు తీస్తారు.

అసలు ముద్రకు మూడు భాగాలుంటాయి. మధ్యలో బొమ్మ. దాని పైన ఐ.ఎస్. అని మొదలయ్యే ప్రమాణం నంబరు. కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు. పైనున్న నంబరు ఆ వస్తువు రకాన్ని బట్టి ఉంటుంది. మోటారుసైకిలు హెల్మెట్‌కు ఐ.ఎస్. 4151, ప్రెషర్ కుక్కరుకు ఐ.ఎస్. 2347. కిందనున్న నంబరు ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన లైసెన్సుది. బొమ్మ మాత్రమే ఉండి పైనా కిందా నంబర్లు లేకపోతే దాన్ని నమ్మరాదు. బొమ్మ ఎవరైనా అచ్చు వేయించుకోగలరు.

2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఈ ముద్ర తప్పనిసరి. జాతీయ రహదారి పక్కన తాడు మీద వేలాడదీసి తక్కువ ధరకు అమ్మే టోపీలు కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అవి పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి పనికివస్తాయేమో గాని, తల రోడ్డుకు తగిలినప్పుడు పనికిరావు.

ఫోను ఛార్జర్లు, పవర్ బ్యాంకుల వంటి వాటికి బి.ఐ.ఎస్. వారిదే మరో పద్ధతి ఉంది. అక్కడ ఐ.ఎస్.ఐ. బొమ్మ కాకుండా వేరే గుర్తు, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. హాస్టల్ గదిలో ఒకే ప్లగ్గుకు నలుగురి ఛార్జర్లు తగిలించే మనకు ఈ నంబరు చూసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సీసాలు, క్యానుల్లో అమ్మే తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 14543. 2001 నుంచి ఈ నీటికి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రత నియమాల నుంచి ఆ నిబంధనను తొలగించి, నీటి తనిఖీ బాధ్యతను ఆహార భద్రత సంస్థ కిందనే ఉంచారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఊళ్లకు ఊళ్లే నలిగిపోయాయి. నీటి గురించి అంత భయం ఉన్నచోట ముద్రను గుడ్డిగా నమ్మడం మరీ ప్రమాదం. మళ్లీ మళ్లీ నింపే ఇరవై లీటర్ల క్యాను మీద పాత స్టిక్కరు ఉన్నంత మాత్రాన లోపలి నీరు ఆ స్టిక్కరుదని కాదు. మూతకు సీలు ఉన్నదా, నింపిన తేదీ ఉన్నదా అని చూడాలి.

2. ఐ.ఎస్.ఓ. – ఒక్క అక్షరం మారితే అర్థమే వేరు

ఐ.ఎస్.ఐ. చివరి అక్షరం మారితే ఐ.ఎస్.ఓ. అవుతుంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. కాని వీటికి చుట్టరికం లేదు.

ఐ.ఎస్.ఓ. అనేది స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఉన్న అంతర్జాతీయ సంస్థ. ఇది కూడా 1947లోనే మొదలైంది. ప్రమాణాలు రాయడం దాని పని. అది ఎవరికీ సర్టిఫికెట్టు ఇవ్వదు. సర్టిఫికెట్లు ఇచ్చేవి వేరే ప్రైవేటు సంస్థలు. "ఐ.ఎస్.ఓ. వారు మాకు సర్టిఫికెట్టు ఇచ్చారు" అని ఎవరైనా అంటే ఆ మాటే సరికాదు.

మనకు ఎక్కువగా కనిపించేది ఐ.ఎస్.ఓ. 9001. ఇది కంపెనీ పని నడిపే పద్ధతికి సంబంధించినది. రికార్డులు రాస్తున్నారా, ఫిర్యాదులు వస్తే సరిచేసుకుంటున్నారా, పనులు ఒక క్రమంలో జరుగుతున్నాయా అన్నవి చూస్తారు. తయారైన వస్తువును పరీక్షించి ముద్ర వేయరు. మన హాస్టల్ భాషలో చెప్పాలంటే, స్టాకు రిజిస్టరు సరిగ్గా రాయడం వేరు, పప్పు సరిగ్గా ఉడకడం వేరు. రిజిస్టరు బాగుంటే వంట బాగుండే అవకాశం ఎక్కువే. అయినా రిజిస్టరు చూసి ఉప్పు సరిపోయిందని చెప్పలేము కదా.

ఈ అక్షరాలు వస్తువుల మీదే కాదు, చదువు అమ్మే బోర్డుల మీద కూడా కనిపిస్తున్నాయి. పట్టణాల్లో ఏ వీధిలో చూసినా "ఐ.ఎస్.ఓ. 9001 సర్టిఫైడ్" అని రాసుకున్న కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఆ కేంద్రం ఆఫీసు పద్ధతిగా నడుస్తోందని ఆ మాటకు అర్థం కావచ్చు. అక్కడ ఇచ్చే డిప్లొమాకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నదని మాత్రం కాదు. ఉద్యోగ ప్రకటనలో అడిగిన అర్హతకు ఆ సర్టిఫికెట్టు పనికివస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఫీజు కట్టకముందే ఏ విశ్వవిద్యాలయం, ఏ బోర్డు దాన్ని గుర్తించిందో కాగితం చూపించమని అడగాలి.

3. తినే వస్తువుల మీద – లైసెన్సు వేరు, నాణ్యత వేరు

ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అంటే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. 2006 చట్టం కింద ఏర్పడింది. దాని నియమాలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి. ప్యాకెట్టు మీద దాని గుర్తు, పక్కనే 14 అంకెల నంబరు ఉంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకు ఇచ్చే రిజిస్ట్రేషన్.

ఈ నంబరు తప్పనిసరిగా ఉండాలి. కాని అది ఉన్నంత మాత్రాన ఆ ప్యాకెట్టును ప్రభుత్వం పరీక్షించిందని అనుకోరాదు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్న ప్రతివాడూ జాగ్రత్తగా నడుపుతాడని చెప్పలేము. కాని ప్రమాదం జరిగితే లైసెన్సు నంబరును బట్టి మనిషిని పట్టుకోవచ్చు. ఇదీ అంతే. తప్పు జరిగితే ఎవరిని అడగాలో చెప్పే చిరునామా ఈ 14 అంకెలు.

అగ్‌మార్క్ దీనికి భిన్నమైనది, చాలా పాతది. 1937 నాటి వ్యవసాయోత్పత్తుల చట్టం నుంచి వచ్చింది. పసుపు, కారం, తేనె, నెయ్యి వంటి పంట సరుకులను నాణ్యతను బట్టి గ్రేడు చేసి వేసే ముద్ర. సరుకును నమూనా తీసి పరీక్షించిన తర్వాతే గ్రేడు ఇస్తారు. చాలా సరుకులకు ఇది వ్యాపారి ఇష్టం మీద ఆధారపడినదే. కాబట్టి ఈ ముద్ర లేనంత మాత్రాన సరుకు కల్తీ అని కాదు.

ఇక ఎఫ్.పి.ఓ. దీనిలో రెండు అర్థాల చిక్కు ఉంది. 1955లో వచ్చిన ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్ ప్రకారం జాములు, రసాలు, పచ్చళ్ల సీసాల మీద ఎఫ్.పి.ఓ. ముద్ర ఉండేది. ఆహార భద్రత చట్టం వచ్చాక ఆ ఆర్డరు పోయింది. ఇప్పుడు మన ప్రాంతంలో ఎఫ్.పి.ఓ. అంటే రైతు ఉత్పత్తిదారుల సంస్థ. జీడిపప్పు ప్యాకెట్టు మీదనో, చిరుధాన్యాల సంచి మీదనో ఈ అక్షరాలు కనిపిస్తే రైతులు కలిసి పెట్టుకున్న సంస్థ అమ్ముతున్నదని అర్థం. అది మంచి విషయమే. కాని అది నాణ్యత ముద్ర కాదు. అవే అక్షరాలు, సంగతి వేరు.

4. ఓ.ఆర్.ఎస్. – మూడక్షరాలు ప్రాణం మీదికి తెచ్చిన కథ

ఇంతవరకు చెప్పినవాటిలో డబ్బు నష్టమే ఎక్కువ. ఇప్పుడు చెప్పబోయేది ప్రాణానికి సంబంధించినది.

విరేచనాలు పట్టుకుంటే ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. 2024 అక్టోబరులో మన విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి మరచిపోలేము. అలాంటి సమయంలో మొదటి మందు ఓ.ఆర్.ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యు.హెచ్.ఓ., చెప్పిన సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. మొత్తం 20.5 గ్రాములు. గ్లూకోజు, సోడియం జంటగా పేగు గోడ గుండా లోపలికి వెళుతూ నీటిని వెంట తీసుకుపోతాయి. అందుకే ఈ పాళ్లు ముఖ్యం. చక్కెర మరీ ఎక్కువైతే అది నీటిని పేగులోకే లాగుతుంది. అప్పుడు విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

కొన్ని కంపెనీలు తియ్యటి పానీయాలను ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు కలిపిన పేర్లతో మందుల షాపుల్లోనే అమ్మాయి. వాటిలో చక్కెర పై సూత్రం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు.

2022 ఏప్రిల్‌లో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అలాంటి పేర్లు వాడరాదని చెప్పింది. అదే ఏడాది జూలైలో, "ఇది డబ్ల్యు.హెచ్.ఓ. సూత్రం కాదు" అన్న అర్థం వచ్చే మాట డబ్బా మీద రాస్తే చాలునని సడలింపు ఇచ్చింది. ఆ మాట రాశారు. కాని ఎలా? పేరు పెద్దక్షరాల్లో, హెచ్చరిక చిన్నక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. బిడ్డను చంకనేసుకుని షాపుకు పరుగెత్తిన తల్లి దాన్ని ఎలా చదువుతుంది? పైగా ఆ హెచ్చరికలో కూడా డబ్ల్యు.హెచ్.ఓ. అనే అక్షరాలు ఉన్నాయి. "కాదు" అన్న మాట తెలియనివారికి అవి హామీలాగే కనిపిస్తాయి. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపులను రద్దు చేస్తూ, పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడరాదని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఉత్తర్వు ఇచ్చింది.

దీని నుంచి మన మూడు ప్రశ్నలు ఎలా పనిచేస్తాయో చూడండి. అసలు ఓ.ఆర్.ఎస్. పొడి ఒక మందు. దాని మీద ఐ.పి. అని ఉంటుంది, అంటే భారతీయ ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం తయారైనదని. మందుల తయారీ లైసెన్సు నంబరు కూడా ఉంటుంది. తియ్యటి పానీయం ఆహారం కిందికి వస్తుంది, కనుక దాని మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు ఉంటుంది. రెండూ ఒకే షాపులో, ఒకే అరలో ఉండవచ్చు. ఏ నంబరు ఉన్నదో చూస్తే ఏది మందో, ఏది పానీయమో తెలిసిపోతుంది. ఇంగ్లీషు పూర్తిగా రాని తమ్ముడు కూడా ఈ తేడా పట్టుకోగలడు. పొడి తెచ్చాక ప్యాకెట్టు మీద ఎంత నీటిలో కలపమన్నారో సరిగ్గా అంత నీటిలోనే కలపాలి.

5. బంగారం – హాల్‌మార్క్ వేరు, కె.డి.ఎం. వేరు

మన ఇళ్లలో బ్యాంకు ఖాతా కంటే బంగారమే పెద్ద పొదుపు. "ఇది కె.డి.ఎం. బంగారం, ప్యూర్" అనే మాట నగల కొట్లలో ఏళ్ల తరబడి వినిపించింది. కె.డి.ఎం. అనేది ఏ సంస్థ పేరూ కాదు, ఏ పరీక్షా కాదు. నగ అతికించేటప్పుడు కాడ్మియం అనే లోహం కలిపిన టంకం వాడేవారు. ఆ లోహం పేరు నుంచే ఈ అక్షరాలు వచ్చాయి. పైగా కాడ్మియం పొగ పీల్చే పనివారి ఆరోగ్యానికి చాలా చెరుపు చేస్తుంది.

స్వచ్ఛతకు ముద్ర హాల్‌మార్క్. దీన్ని మన దేశంలో బి.ఐ.ఎస్. 2000లో మొదలుపెట్టింది. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేసి, తర్వాత మరిన్ని జిల్లాలకు పెంచారు. నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బి.ఐ.ఎస్. త్రికోణం గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్.యు.ఐ.డి. సంఖ్య. స్వచ్ఛత అంకె 916 అయితే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు. 750 అయితే 18 క్యారెట్లు. ఆరు అక్షరాల సంఖ్య ఒక్కో నగకు ఒక్కొక్కటి వేరుగా ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగలు దుకాణంలో అమ్మరాదు. "916 అని రాసుంది కదా" అంటే చాలదు. అంకె ఎవరైనా చెక్కగలరు. ఆ ఆరు అక్షరాలను సరిచూసుకోవాలి.

6. విత్తన సంచి – నీలం చీటీ, ఆకుపచ్చ చీటీ

విత్తనాల సంచికి కుట్టిన చీటీ రంగును మన నాయనలు చూస్తారు గాని, దాని అర్థం ఎవరూ వివరించి చెప్పలేదు. నీలం చీటీ ఉంటే అది ధ్రువీకరించిన విత్తనం. రాష్ట్ర విత్తన ధ్రువీకరణ సంస్థవారు పొలంలో పైరును చూసి, విత్తనాన్ని పరీక్షించి ఇచ్చినది. ఆకుపచ్చ చీటీ ఉంటే అది టి.ఎల్., అంటే ట్రూత్‌ఫుల్ లేబుల్. విత్తనం ఇంత శాతం మొలుస్తుందని కంపెనీ తానే రాసి ఇచ్చే హామీ. మూడో మనిషి సాక్ష్యం అందులో లేదు. రెండూ చట్టప్రకారం అమ్మదగినవే. కాని ఒకటి పరీక్ష పెట్టి వేరొకరు వేసిన మార్కు, రెండోది తనకు తాను వేసుకున్న మార్కు. వరి విత్తనానికి కనీస మొలక శాతం 80.

విత్తనం పేరులోని అక్షరాలు మరో రకం. ఆర్.జి.ఎల్. 2537, అంటే మన శ్రీకాకుళం సన్నాలు. ఆర్.జి.ఎల్. అంటే రాగోలు. శ్రీకాకుళం పక్కనున్న రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం పేరు దేశమంతా సంచుల మీద తిరుగుతోంది. అలాగే ఎం.టి.యు. అంటే మారుటేరు, బి.పి.టి. అంటే బాపట్ల. ఈ అక్షరాలు వంగడం ఎక్కడ పుట్టిందో చెబుతాయి. మన చేతిలోని సంచిలో ఉన్నది అదేనా, మొలుస్తుందా అన్నది చెప్పవలసింది చీటీ, దాని మీది లాటు నంబరు, పరీక్ష తేదీ. అందుకే పంట కోసే దాకా సంచిని, చీటీని, బిల్లును పారేయరాదు.

7. విదేశీ అక్షరాలు

ముఖానికి రాసుకునే క్రీముల మీద "ఎఫ్.డి.ఎ. అప్రూవ్డ్" అని చూస్తుంటాము. ఎఫ్.డి.ఎ. అంటే అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ. మహారాష్ట్ర ప్రభుత్వంలో కూడా అదే పేరుతో ఒక శాఖ ఉంది. ఏ ఎఫ్.డి.ఎ. అన్నది చాలా ప్యాకెట్లు చెప్పవు. పైగా అమెరికా సంస్థ క్రీములను, సబ్బులను అమ్మకానికి ముందు పరిశీలించి ఆమోదించదు.

సి.ఇ. అనే ముద్ర ఐరోపా బజారు కోసం. చాలా వస్తువులకు తయారీదారు తానే ప్రకటించుకుని ఈ ముద్ర వేసుకోవచ్చు. మన దేశంలో అమ్మడానికి అది చాలదు. ఉదాహరణకు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. తీర్థంలో కొన్న బొమ్మ మీద సి.ఇ. మాత్రమే ఉంటే సరిపోదు.

మందుల కంపెనీలు రాసుకునే డబ్ల్యు.హెచ్.ఓ.-జి.ఎం.పి. కూడా ఇలాంటిదే. తయారీ పద్ధతుల నియమాలు డబ్ల్యు.హెచ్.ఓ. రాసినవి. వాటి ప్రకారం ఫ్యాక్టరీ ఉన్నదని చూసి సర్టిఫికెట్టు ఇచ్చేది మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు. జెనీవా నుంచి ఎవరూ వచ్చి చూడరు.

8. మన జిల్లాల ముద్రలు

మోసం జరుగుతుందని అన్ని ముద్రలనూ అనుమానించడం కూడా తప్పే. కష్టజీవికి అండగా నిలిచే ముద్రలూ ఉన్నాయి.

పొందూరు ఖద్దరు చూడండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే బట్ట. అక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఉంది. మిల్లు బట్టను ఖద్దరని అమ్మితే నష్టపోయేది ఈ వడికే అమ్మలే. అందుకే 2013 నియమాల ప్రకారం ఖాదీ కమిషన్ వారు ఖాదీ మార్క్ తెచ్చారు. చేత్తో వడికి, చేత్తో నేసినదని దాని అర్థం. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ ఇలాంటివే. సిల్క్ మార్క్ దారం పట్టుదని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసినదని చెప్పదు. ఈ తేడా కూడా తెలుసుకోవాలి.

బొబ్బిలి వీణకు, సారవకోట మండలం బుడితి కంచు, ఇత్తడి సామానుకు జి.ఐ. గుర్తింపు ఉంది. జి.ఐ. అంటే భౌగోళిక గుర్తింపు. 1999లో చేసిన చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతోంది. దీని రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. గొల్లపల్లిలో పనస కలపతో చెక్కిన వీణ పేరును వేరే ఊరివారు వాడుకోకుండా ఇది కాపాడుతుంది. ప్రతి వీణనూ వాయించి చూసి వేసే ముద్ర మాత్రం కాదు.

9. మోసం జరిగితే ఏం చేయాలి?

మొదట బిల్లు. బిల్లు లేకుండా ఏ ముద్రా మనల్ని కాపాడలేదు. ఐ.ఎస్.ఐ. లైసెన్సు నంబరును, ఛార్జరు రిజిస్ట్రేషన్ నంబరును, నగల మీది సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో సరిచూడవచ్చు. ఫోను లేనివారు ఉన్నవారిని అడిగి చూడవచ్చు, నిమిషం పని. తేడా ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. కొన్న వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

ఐ.ఎస్.ఐ.: వస్తువుకు పరీక్ష జరిగింది. పైన ఐ.ఎస్. నంబరు, కింద సి.ఎం./ఎల్. నంబరు చూడాలి.
ఐ.ఎస్.ఓ. 9001: కంపెనీ పని పద్ధతి మాత్రమే. వస్తువుకు హామీ కాదు.
ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.: ఆహార వ్యాపారానికి అనుమతి. 14 అంకెలు ఉండాలి.
అగ్‌మార్క్: పంట సరుకు నాణ్యత గ్రేడు.
ఓ.ఆర్.ఎస్. ఐ.పి.: మందు. మందుల లైసెన్సు నంబరు ఉండాలి.
హాల్‌మార్క్: బంగారం స్వచ్ఛత. ఆరు అక్షరాల సంఖ్య ఉండాలి. కె.డి.ఎం. ముద్ర కాదు.
నీలం చీటీ: వేరొకరు పరీక్షించిన విత్తనం. ఆకుపచ్చ చీటీ: కంపెనీ సొంత హామీ.
జి.ఐ.: పుట్టిన చోటు.

అభ్యాసం

1. వార్డెన్ గారి అనుమతి తీసుకుని మన హాస్టల్ సామాన్ల గదిలోని నూనె, కారం, పసుపు, పప్పు ప్యాకెట్ల మీది ముద్రలను, నంబర్లను ఒక పట్టికగా రాయండి. మూడు ప్రశ్నలకూ జవాబు దొరికినవి ఎన్ని? దొరకనివి ఎన్ని?
2. మీ గదిలోని ఛార్జర్లలో ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నవి ఎన్నో లెక్కించండి.
3. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు విత్తన చీటీ ఒకటి తెచ్చి, దాని మీద ఉన్న ప్రతి మాటకూ తెలుగు అర్థం రాసి నోటీసు బోర్డు మీద అంటించండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనకు చదువు చెప్పించినవారు అక్షరం తెలియక ఎన్నోసార్లు మోసపోయారు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియక పొలాలు పోగొట్టుకున్న తాతలు మన ఊళ్లలో ఉన్నారు. ఇప్పుడు మనం చదవగలం. అయితే అక్షరం చదవడం ఒక్కటే చాలదు, ఆ అక్షరం ఎవరి తరపున మాట్లాడుతోందో అడగడం కూడా నేర్చుకోవాలి. ఈసారి ఇంట్లో ఎవరైనా ప్యాకెట్టు చేతికిచ్చి అడిగితే, "మంచిదే" అని వెంటనే చెప్పకుండా, "నంబరు చూసి చెబుతాను, ఉండమ్మా" అనండి.